సైబీరియా చుట్టాలు

చలికాలం రాగానే తెలుగునాట ఒక గొప్ప భౌగోళిక సత్యం అమల్లోకి వస్తుంది: నీళ్లలో నిలబడ్డ ప్రతి పక్షీ సైబీరియా నుంచి వచ్చినదే.

మొన్న ఏలూరు జిల్లా కైకలూరు దగ్గర, కొల్లేటి సరస్సు అంచునున్న ఆటపాక పక్షుల కేంద్రంలో నాకీ సత్యం పడవలోనే సాక్షాత్కరించింది. అటవీశాఖ నాటిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకొని, ముక్కు కింది సంచులు వేలాడేసుకొని పిల్లలకు మేత పెడుతున్నాయి. నా పక్కనున్న పెద్దమనిషి పడవ నడిపే కుర్రవాణ్ణి "ఏం బాబూ, ఇవి సైబీరియావేనా?" అని అడిగారు. "కాదండి, మన దేశంవేనండి" అన్నాడా అమాయకుడు. అమెరికా సంబంధమని చెప్పి అత్తిలి కుర్రవాణ్ణి చూపించినట్లు పెద్దమనిషి ముఖం మాడిపోయింది; ఎత్తిన ఫోను జేబులోకి దిగిపోయింది. "అదేమిటండీ, పేపర్లో వేశారు కదా!" అని వారి శ్రీమతి వాపోయారు. ఒడ్డు చేరేలోగా కుర్రవాడికేమీ తెలియదని పడవంతా ఏకగ్రీవంగా తీర్మానించింది.

గూడబాతుకు గానీ ఎర్రకాళ్ల కొంగకు గానీ వీసాతో పనిలేదు. నీరూ చేపా ఎక్కడుంటే అక్కడికి ఈ దేశంలోనే తిరిగే పక్షులవి. నిజంగా సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన నేల మీద పుట్టి, 30 గ్రాములైనా తూగని ఒళ్లుతో ఇంత దూరం ఎగిరి వచ్చే చిన్న ఉల్లంకి పిట్ట బురదలో పరుగులు పెడుతుంటే మాత్రం ఎవరూ తలతిప్పరు. అంత దూరం నుంచి వచ్చి పిచ్చుకంత ఉంటే ఎవరు గౌరవిస్తారు?

ఈ అతిథి మర్యాదలో మనకొక సదుపాయముంది. చుట్టమైతే ఎండలు ముదరకముందే వెళ్లిపోతుంది. ఇక్కడిదే అయితే ఇల్లు అడుగుతుంది. ఆ ఇల్లైన కొల్లేటిని 1999లో 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమన్నాం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కించి మురిసిపోయాం, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాం, 2008లో అభయారణ్యాన్ని ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) నుంచి మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభలో తీర్మానించాం; తెగిన గట్లు ఈలోగా వాటంతటవే మొలిచినట్లు మళ్లీ లేచాయి. కొల్లేటిని చెరువులుగా కోసుకు తిన్నాం. అదే చెరువు మీద పక్షి వాలబోతే టపాకాయలు పేల్చి తరుముతాం. కొమ్మ దొరకక అది ఇనుపచువ్వల మీద గుడ్లు పెడితే, ఎదురుగా నిలబడి సెల్ఫీ దిగి "విదేశీ అతిథులు" అని రాసుకుంటాం. సిగ్గులేదూ మనకు? ఇల్లు కబ్జా చేసి, ఇంటి యజమానినే ఏ ఊరని అడుగుతామా?

నేను టీ తాగుతుండగా తరువాతి జట్టు పడవెక్కింది. వాళ్లింకా నోరు తెరవకముందే కుర్రవాడు "అన్నీ సైబీరియావేనండి" అన్నాడు. ఎవరో గుంజ మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకిని చూపించారు.

"అదీ అక్కడిదేనండి."