లక్ష్యానికి ముందు వారం లెక్క

జనవరిలో రాసుకునే జాబితాలన్నీ కూడికలే. వ్యాయామం మొదలుపెట్టాలి, కొత్త భాష నేర్చుకోవాలి, సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి, పిల్లలతో ఎక్కువసేపు గడపాలి, ఎప్పుడో ఆగిపోయిన సంగీతం మళ్ళీ అందుకోవాలి. వీటన్నిటికీ చోటివ్వడానికి దేన్ని తగ్గించుకుంటామో మాత్రం ఒక్క వరుసైనా రాయం. ఫిబ్రవరి దాటేసరికి సగం మూలపడతాయి. అప్పుడు మన బద్ధకాన్ని తిట్టుకుంటూ కూర్చుంటాం. తీసివేతలు ముందే చేసుకోకపోతే ఎంత పట్టుదల ఉన్నా, ఎంత మంచి లక్ష్యమైనా నిలవదని నా గట్టి అభిప్రాయం.

వారానికి ఉన్నవి 168 గంటలు. నిద్రకు రోజుకు 8 చొప్పున 56 తీసెయ్యండి, 112 మిగిలాయి. ఉద్యోగానికి 45, రాకపోకలకు 7 పోతే 60. వంట, స్నానం, భోజనం, ఇంటి పని, పిల్లల్ని దింపడం, తీసుకురావడం అన్నీ కలిపి రోజుకు 5 గంటలనుకుంటే ఇంకో 35 పోయి 25 తేలతాయి. కాగితం మీద 25 గంటలంటే చాలానే కనిపిస్తుంది. కానీ అందులో చాలా భాగం పదేసి, పదిహేనేసి నిమిషాల ముక్కలుగా చెదిరి ఉంటుంది. పైగా పని చేసి అలిసిపోయాక రాత్రి పదిన్నరకు దొరికే గంటలో, తెల్లవారుజామున దొరికే గంటలో అయినంత పని కాదు. చదువుకో సాధనకో పనికొచ్చే గంటలు ఎనిమిదో పదో తేలితే మంచి వారమనే అనుకోవాలి.

ఈ అంకెలు ఇంటింటికీ మారతాయి కాబట్టి మీ లెక్క మీరే తియ్యాలి. సెలవులు లేని మామూలు వారం ఒకటి ఎంచుకోండి. రోజుకో నిలువు వరుస, అరగంటకో గడి, అంటే రోజుకు 48 గళ్ళు. మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, ఇలా మూడుసార్లు నింపండి. అంతా రాత్రికే వదిలేస్తే సగం మరిచిపోతాం, మిగతా సగం మనకు నచ్చినట్టు రాసుకుంటాం. ఫోన్ వాడకాన్ని అసలు అంచనా వెయ్యొద్దు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ చూపించే అంకెనే ఎక్కించండి. రాస్తున్నామన్న స్పృహ ఉంటుంది కాబట్టి మొదటి వారం కాస్త బుద్ధిగానే గడుస్తుంది. రెండో వారం కూడా రాస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ తర్వాతే కోరికల జాబితా తియ్యండి. మనసులో ఉన్నవన్నీ రాసి, ఒక్కోదాన్ని ఇలా అడగండి: ఇది సాధించానని ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయినా చేస్తానా? జవాబుకి తడుముకోవాల్సి వస్తే కొట్టెయ్యవచ్చు. నలుగురూ చేస్తున్నారని జాబితాలోకి చొరబడినవి ఇక్కడే రాలిపోతాయి. మిగిలిన వాటిలో ఏడాదికి ఒక్క ప్రధాన లక్ష్యం, దానితోపాటు ఆరోగ్యానికో ఆప్తులకో సంబంధించిన ఒక చిన్న అలవాటు. అంతే. తక్కినవి 'ఈ ఏడాది కాదు' అన్న శీర్షికతో వేరే కాగితం మీదికి వెళ్ళాలి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఎందుకంటే ఆ కాగితం మీదికి వెళ్ళేవీ మనకు ఇష్టమైనవే.

ఎంచుకున్నదాన్ని గంటల్లోకి మార్చాలి. ఒక పరీక్షకు 120 గంటల చదువు కావాలనిపించిందనుకోండి. దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి 180 అని రాసుకోండి. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తక్కువగా ఊహించుకుంటాడని 1979లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ చెప్పారు. 1994లో రోజర్ బ్యూలర్ అనే పరిశోధకుడు, అతని సహచరులు సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను అడిగితే, సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు. పట్టింది 55 రోజులపైనే. ఒకటిన్నర రెట్లంటే అతి జాగ్రత్తేమీ కాదన్నమాట. ఇక ప్రయాణాలు, జబ్బులు, ఆఫీసులో ఊపిరాడని రోజుల కింద 10 వారాలు వదిలేస్తే ఏడాదిలో 42 వారాలు ఉంటాయి. 180ని 42తో భాగిస్తే వారానికి సుమారు 4 గంటల 17 నిమిషాలు. మీ లెక్కలో తేలిన గంటల్లో ఇది పడుతుందా? పట్టకపోతే రెండే దారులు: గడువు పెంచడం, లేదా సిరీస్ చూసే సమయమో ఇంకోటో పేరు పెట్టి మరీ తగ్గించడం. 'ఎలాగోలా సర్దుకుంటాను' అన్నది మూడో దారి కాదు. అది నిద్రలోంచి తీసుకునే అప్పు, రెండు వారాల్లో వసూలుకొస్తుంది.

గంటలు దొరికాక వాటికి ముహూర్తం కావాలి. 'వారానికి నాలుగు గంటలు చదువుతాను' అంటే ఏ రోజూ ఆ రోజు కాదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను. 'మంగళ, గురువారాల్లో పిల్లలు పడుకోగానే ఫోన్ వంటింట్లో పెట్టి, భోజనాల బల్ల దగ్గర పుస్తకం తెరుస్తాను.' సమయం, చోటు, ముందు జరిగే పని మూడూ ఉన్నాయి చూడండి. వాక్యం చేస్తాను అనే ఉండాలి, మానేస్తాను అని కాదు. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా పాల్గొన్న 2020 నాటి అధ్యయనంలో, ఏదో చెయ్యాలనుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత 59 శాతం నెగ్గామన్నారు. ఏదో మానాలనుకున్నవాళ్ళలో 47 శాతం.

ఆ గంటలో మీరు చెయ్యని ఇంటి పని ఇంకొకరి మీద పడుతుంది. అందుకని ఇంట్లోవాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడాలి, వాళ్ళకూ అలాంటి గంట ఒకటి కేటాయించాలి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఇంట్లో ఒప్పుకోని కార్యక్రమం మూడో వారానికే ఆగుతుంది.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి ఆ అంచనా 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. నష్టమల్లా తప్పిన రోజుకు బదులుగా మర్నాడు రెట్టింపు చేద్దామనుకోవడంలో ఉంది. ఆ రెట్టింపు కూడా తప్పితే బాకీ పేరుకుంటుంది, బాకీని చూసి పుస్తకం తెరవబుద్ధి కాదు. తప్పినదాన్ని వదిలేసి తర్వాతి గంటకు మామూలుగా కూర్చోండి.

ఆదివారం పదిహేను నిమిషాలు చాలు: పోయిన వారం ఎన్ని గంటలు అనుకున్నారు, ఎన్ని అయ్యాయి, వచ్చే వారం ఏ గంటకు అడ్డంకి ఉంది. మార్చి నెలాఖరున మొత్తం కూడి చూడండి. అనుకున్న గంటల్లో సగం కూడా కాకపోతే పరిమాణం తగ్గించాలి, లేదా గడువు జరపాలి, లేదా మానెయ్యాలి. మానేస్తే తేదీ వేసి కొట్టేసి, 'ఈ ఏడాది కాదు' కాగితం బయటికి తీసి, ఆ మంగళ, గురువారాలను అందులో ఒకదానికి రాసెయ్యండి.