నాలుగు గిన్నెల క్యారియర్, ఐదు స్వెట్టర్ల బిడ్డ

తెలుగులో క్యారియర్ అంటే ఒకటే అర్థం. అన్నం, పప్పు, కూర, పెరుగు. నాలుగు గిన్నెలు, పక్కన బిగింపు కడ్డీ, పైన పిడి. ఇంట్లో వండింది ఆఫీసు చేరేలోగా చల్లారకూడదు, ఒలకకూడదు. బిడ్డను గుండెకు కట్టుకునే సంచికీ అదే పేరు తగిలించారు గనక మన ఇళ్లలో పుట్టిన సైద్ధాంతిక గందరగోళానికి ఎవరినీ తప్పుపట్టలేం. క్యారియర్‌లో పెట్టింది ఏదైనా చల్లారుతుంది, కాబట్టి దాన్ని తువ్వాలుతో చుట్టాలి. పాప ఒంటి మీదికి ఐదో స్వెట్టర్ ఎక్కేది ఈ తర్కంతోనే.

ఆ తర్కాన్ని ఖండించడం ఈ వ్యాసం పని కాదు. జనవరి పొద్దున అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో, బిడ్డను చూసుకోవడానికి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మ చేతిలో ఊలు టోపీ ఉండగా ఖండించడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. సిద్ధాంతం అమలులో తలెత్తే కొన్ని సాంకేతిక ఇబ్బందుల్ని మాత్రం సవినయంగా పెద్దల దృష్టికి తేవలసి ఉంది.

మొదటి ఇబ్బంది బిడ్డతోనే. పొయ్యి దిగిన పప్పు మళ్లీ వేడి పుట్టించుకోలేదు, బిడ్డ పుట్టించుకుంటుంది. నెలల పిల్లలకు వణకడం సరిగా రాదు గానీ, భుజాల మధ్యా మెడ చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వు వాళ్లకు లోపలి కుంపటి. దానికి ఎదురుగా 37 డిగ్రీల దగ్గర మండే నిలువెత్తు పొయ్యి ఇంకొకటి, అదే మోసే మనిషి. 1978లో బొగొటాలో ఎడ్గర్ రే సనాబ్రియా అనే వైద్యుడు, ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ బిడ్డల్ని తల్లి రొమ్ముకు చర్మం తగిలేలా కట్టించాడు. కంగారూ పద్ధతి అన్నారు దాన్ని. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని రోజుకు 8 నుంచి 24 గంటలు అలాగే ఉంచమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఆ బిడ్డల ఒంటిమీద టోపీ, డైపరు, మేజోళ్లు తప్ప స్వెట్టర్ లేదు. ఇంత దరిద్రంగా పిల్లల్ని పెంచడం మన వంశంలో లేదు కాబట్టి ముందుకు పోదాం.

రెండో ఇబ్బంది స్నో సూట్. పరుపులా ఉబ్బిన ఆ సూట్ తొడిగి, జిప్పు లాగి, నక్షత్రంలా చేతులూ కాళ్లూ బిర్రుగా చాపుకున్న బిడ్డను క్యారియర్‌లోకి దించి పట్టీలు బిగిస్తారు. బిగించింది బిడ్డను కాదు, సూట్‌లో ఉన్న గాలిని. నడక మొదలుపెట్టిన కాసేపటికి ఆ గాలి నొక్కుకుపోతుంది, పట్టీలు వదులవుతాయి, బయటి గుడ్డ నైలాన్ కాబట్టి బిడ్డ జారుతుంది, గడ్డం రొమ్ముకు ఆనుకుంటుంది. పసివాళ్ల శ్వాసనాళం మెత్తటి గొట్టం; తల అలా వంగితే మడత పడుతుంది. పైగా రెండు కాళ్ల మధ్య సూట్ బిగిసి తొడలు విడివడవు. మోకాళ్లు పిరుదుల కన్నా ఎత్తులో, కప్ప కూర్చున్నట్టు ఉండాల్సిన బిడ్డ కొయ్యబొమ్మలా వేలాడుతుంది. లోపం సూట్‌ది కానే కాదు. తయారుచేసినవాడు నేలమీద మంచులో దొర్లే పిల్లల కోసం కుట్టాడు. మనం దాన్ని గుండెకు కట్టాం.

సూట్ వద్దంటే ఏం తొడగాలి అని నిలదీస్తారు. సున్నా డిగ్రీల దగ్గర అరగంట నడకకు లెక్క ఇది: ఒంటికి అంటిపెట్టుకునే పలచటి బనీను, దానిమీద ఊలుదో ఫ్లీస్‌దో పలచటి ఒంటిబట్ట, చెవులు మూసే టోపీ. తర్వాత క్యారియర్, దాన్నీ ఒక పొరగా లెక్కవేయాలి. ఐదు మీటర్ల గుడ్డను మూడు చుట్లు తిప్పి కట్టేవాళ్లయితే అది మూడు పొరలు. ఆ పైన మోసేవాళ్ల కోటు, ఇద్దరినీ కలిపి. కోటు తొడుక్కుని దానిమీద బిడ్డను కట్టుకుంటే రెండు పొయ్యిల మధ్య పరుపు వేసినట్టే. మోసేవాళ్లు ఎప్పుడూ వేసుకునే దానికన్నా ఒక పొర తగ్గించాలి. ఏడు కిలోల కుంపటి పొట్టమీద ఉండగా చెమట పట్టక మానదు. ఆ చెమట బిడ్డ బట్టల్లోకి ఇంకుతుంది. ఇంటికొచ్చి విప్పగానే తడి చల్లబడుతుంది. అప్పుడు పట్టిన జలుబుకు కారణం పొద్దున ఐదో స్వెట్టర్ తొడగకపోవడమేనని తీర్పు వస్తుంది. అప్పీలు లేదు.

ఇక నిధుల పంపిణీ. బిడ్డ ఒంట్లో ఛాతీ రాజధాని. స్వెట్టర్లన్నీ అక్కడికే మంజూరవుతాయి, నిజానికి వెచ్చదనం మిగులున్న ప్రాంతం అదొక్కటే. సరిహద్దు మండలాలైన పిక్కలూ చీలమండలూ కోటు కిందనుంచి బయటికి వేలాడుతూ దశాబ్దాల నిర్లక్ష్యానికి గురవుతున్నాయి. కాళ్లు మడిచి కూర్చోగానే ప్యాంటు పైకి పాకుతుంది, మేజోడు కిందికి దిగుతుంది, మధ్యలో నాలుగు వేళ్ల మేర చర్మం గాలికి వదిలేయబడుతుంది. దీనికి ప్రత్యేక ప్యాకేజీ ఏమీ అక్కర్లేదు. అమ్మ పాత ఊలు మేజోళ్లు, మోకాలి దాకా వచ్చేవి, పాదం దగ్గర కత్తిరించి, బిడ్డ చీలమండ నుంచి తొడ దాకా లాగితే చాలు. అవి ప్యాంటు మీద నుంచి ఎక్కాలి. పాదాలకు కట్టు ఉన్న మెత్తని బూటీలు. కట్టు లేనివి రెండో వీధిలో ఒకటే మిగులుతుంది. పాదాలతో కలిపి కుట్టిన ఒంటిబట్ట అయితే ఒక సైజు పెద్దది కొనాలి. సరిపోయే సైజు కాళ్లు మడవగానే బిగుసుకుని వేళ్లను వంచేస్తుంది, నొక్కుకున్న వేళ్లు మరీ చల్లబడతాయి.

కోటు విషయంలో ఇంట్లో ఉన్నదానితో గడుపుకోవచ్చు. నాన్న కోటు అమ్మకు వదులుగా ఉండి బిడ్డ వీపు మీదుగా జిప్పు పడితే అదే పదివేలు. జిప్పు బిడ్డ మెడ దగ్గర ఆగాలి, అంతకు మించి అంగుళం లేవకూడదు. ఉన్న కోటుకే మధ్యలో బిగించుకునే అదనపు ముక్కలు అమ్ముతారు. జిప్పు పళ్ల సైజు కలవకపోతే ఆ ముక్క జన్మలో పట్టదు. 5 నంబరు జిప్పుకు 8 నంబరు ఎక్కదు, కాబట్టి కొనేముందు జిప్పు లాగుడు వెనక ఉండే అంకె చదవాలి. అసలు ఇద్దరికీ ఒకే కోటు అనే ఆలోచన ఆర్కిటిక్ ఇన్యుయిట్ స్త్రీలది. అమౌటి అనే వాళ్ల కోటులో బిడ్డ తల్లి వీపుకు ఆనుకుని, పెద్ద టోపీ కింద, లోపలే ఉంటుంది. అక్కడి చలి ముందు షికాగో చలి అత్తగారి అలక లాంటిది.

కోటు దొరకనివాళ్ల చూపు సహజంగానే బీరువాలోని శాలువాల మీద పడుతుంది. ప్రతి తెలుగింట్లోనూ సన్మానాల్లో కప్పినవి కనీసం రెండు మూడు ఉంటాయి. అవి ఫొటో దిగేంతసేపు వెచ్చగా ఉంటాయి. జరీ అంచు బిడ్డ బుగ్గను గీరుతుంది, కుచ్చులు నేరుగా నోట్లోకి పోతాయి. నిజం ఊలు శాలువా ఉంటే బిడ్డ వీపు మీదుగా కప్పి, రెండు కొసల్నీ భుజం పట్టీల కింద దోపాలి, బిడ్డ గడ్డానికి కింద ఆపాలి. అదే సమయంలో మెళ్లోని నల్లపూసలు వెనక్కి వేసుకోవడం మంచిది. చల్లటి లోహం బుగ్గకు తగలడం ఒక బాధ, బిడ్డ పిడికిలి బిగిస్తే ఇంకో బాధ.

ఇప్పుడు మంకీ క్యాప్. ఆవకాయ జాడీకి వాసెన కట్టినంత శ్రద్ధగా దాన్ని తొడుగుతారు. జాడీ ఊపిరి పీల్చదు. బిడ్డ నిద్రలో తల తిప్పగానే క్యాప్ గడ్డం పట్టీ పెదవి మీదికి, అక్కణ్ణుంచి ముక్కు మీదికి ఎక్కుతుంది. నియమం చాలా మొరటైనది: తల వంచితే బిడ్డ నుదురు ముద్దుకు అందాలి, ముఖం ఎప్పుడూ కనబడాలి, గడ్డం కింద రెండు వేళ్లు దూరాలి. కోటు టోపీతోగానీ, మన మెడలోని మఫ్లరు కొసతోగానీ ఆ ముఖాన్ని మూయకూడదు. మోసేవాళ్లకు మఫ్లరు కన్నా గొట్టంలా ఉండే మెడపట్టీ మేలు. ఊలుబంతి ఉన్న టోపీ అందంగానే ఉంటుంది. ఆ బంతి ఉండేది సరిగ్గా మోసేవాళ్ల ముక్కు కింద. చేతులు వెచ్చబెట్టుకునే వేడి పొట్లాల్ని ఇద్దరి మధ్య దోపడం గొప్ప ఆలోచనే, బిడ్డ చర్మం కాలేదాకా.

అక్కడి మన సరుకుల కొట్టు పటేల్ బ్రదర్స్‌లో అడుగు పెట్టగానే లోపల 21 డిగ్రీలు. కోటు పద్ధతికి ఇక్కడే మార్కులు: జిప్పు లాగి, టోపీ తీస్తే అయిపోయింది, బిడ్డ నిద్ర చెడదు. స్నో సూట్ బిడ్డనైతే బెండకాయలు ఏరినంతసేపూ ఆవిరి మీద ఇడ్లీలా ఉంచాలి, లేదా విప్పి ఊరందరికీ వినబడేలా నిద్ర లేపాలి. పసివాళ్లకు చలి ఎంత చెరుపో అతివేడీ అంతే. నిద్రలో ఆకస్మికంగా జరిగే మరణాల ముప్పుల్లో అతివేడి ఒకటి.

చలికి కట్టిన బిడ్డ వల్ల మన పాదాలు మనకు కనబడవు, కాబట్టి మంచు గడ్డకట్టిన మెట్ల మీద జేబుల్లో చేతులు పెట్టుకోవడం నిషిద్ధం. గాలి కూడా లెక్కలోకి రావాలి. మైనస్ 18 డిగ్రీలకు గంటకు 24 కిలోమీటర్ల గాలి తోడైతే చర్మానికి అది మైనస్ 28. బయటపడ్డ చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. ఆ రోజు క్యారియర్ కొక్కేనికి, బిడ్డ ఇంట్లో.

మన వైపు ఇంత చలి లేదని లంబసింగి మంచు చూడ్డానికి బిడ్డను రొమ్ముకు కట్టుకుని బండి వెనక కూర్చునేవాళ్లకు ఒక మాట. 10 డిగ్రీల తెల్లవారుజామున 40 కిలోమీటర్ల వేగం మీద తగిలే గాలి 6 డిగ్రీల చలితో సమానం. నాలుగేళ్ల లోపు పిల్లలకు బండి మీద సేఫ్టీ హార్నెస్ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన కూడా ఉంది. క్యారియర్ ఆ హార్నెస్ కాదు. టిఫిన్ క్యారియర్ అయితే హ్యాండిల్‌కి తగిలించుకోవచ్చు.

అన్నీ చేశాక బిడ్డ వెచ్చగా ఉందో లేదో తేల్చే పద్ధతి ఒక్కటే. చేతులూ కాళ్లూ కొలమానం కావు, అవి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకూ చల్లగానే ఉంటాయి. మన రెండు వేళ్లను ముందు చంకలో వెచ్చబెట్టుకుని బిడ్డ మెడ వెనక పెట్టాలి. వెచ్చగా, పొడిగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. చెమటగా ఉంటే ఒక పొర తీయాలి.

అమ్మమ్మ పాప చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. "చూశావా, కొయ్యబారిపోతోంది, స్వెట్టర్ తే." చెయ్యి కాదమ్మా, మెడ వెనక చూడు అంటే అక్కడా చూసింది. వెచ్చగా ఉంది. "అయ్యో, చలికి జ్వరం కూడా తగిలిందే తల్లీ! ఆ పచ్చ స్వెట్టర్ ఏదీ?"