వాడికీ ఔటివ్వండి

డిసెంబరు 3, అంతర్జాతీయ వికలాంగుల దినం వస్తే మన మండల కేంద్రాల్లో ఏం జరుగుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. షామియానా, పండ్ల పంపిణీ, దివ్యాంగుల మీద దయ చూపాలని పిల్లలకు ఉపన్యాసం, ఫొటో. ఆ దయే అసలు జబ్బంటాను నేను.

మొన్న చలికాలంలో కనిగిరి వైపు ఒక ఊళ్లో బడి వెనక పిల్లలు క్రికెట్ ఆడుతుంటే కాసేపు నిలబడ్డాను. బ్యాటు పట్టినవాడి ఎడమకాలికి కాలిపర్, నడకకు ఆసరాగా కట్టే పట్టీ. పుట్టుకతో వచ్చిన అవిటితనం. వాడు కొడతాడు, పక్కనున్నవాడు బైరన్నర్‌గా ఉరుకుతాడు. ఈ ఏర్పాటు ఏ సారూ నేర్పింది కాదు. నాలుగో బంతికి వికెట్లుగా నిలబెట్టిన ఇటుకలు పడిపోయాయి. "నోబాల్‌రా" అన్నాడు వాడు. "ఏంది నోబాలు? ఔటు, దిగు" అంటూ అందరూ మీదపడ్డారు. గోల విని టీచరమ్మ వరండాలోకి వచ్చింది. "పాపం, ఇంకో బాల్ వెయ్యండ్రా" అంది. వేశారు. కానీ ఆ తర్వాత ఒక్కడూ గట్టిగా వెయ్యలేదు. రెండు బంతులు చూసి, వాడే బ్యాటు పడేసి గోడ పక్కన కూర్చున్నాడు.

దీనికి మన ఆటల్లో పాతపేరే ఉంది: ఆటలో అరటిపండు. జట్టులో ఉంటాడు, లెక్కలో ఉండడు. పిల్లలు వాణ్ణి లెక్కలోకి తీసుకున్నారు కాబట్టే ఔటిచ్చారు. అరటిపండును చేసింది పెద్దవాళ్లు. బడంతా ఇదే తంతు. హాజరుపట్టీలో పేరుంటుంది, డ్రిల్లు పీరియడ్‌లో బ్యాగుల కాపలా పని ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచిందని సభల్లో అందరూ చెబుతారు. అదే చట్టం 16వ సెక్షన్లో, ఆటల్లోనూ తోటిపిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలని రాసుందని చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ప్రత్యేక పిల్లలకు ప్రత్యేక బడే మేలు, ఉన్న టీచర్లకు ఉన్న పిల్లలే ఎక్కువ అనేవాళ్లున్నారు. బ్రెయిలీకి, సైగల భాషకు తెలిసిన మనిషి కావాలన్నది నిజమే, భవిత కేంద్రాలు పెట్టింది అందుకే. కానీ డ్రిల్లు పీరియడ్‌కు స్పెషలిస్టు దేనికండీ?

ఇక వెక్కిరింతలంటారా, అవి బడిలో పుట్టవు. కుంటోడు, నత్తోడు అని ఊళ్లో మనుషులకు గుర్తులు పెట్టేది రచ్చబండ. చెవిటివాడి ముందు శంఖం, గుడ్డెద్దు చేలో పడడం, ఇవన్నీ మనింట్లో అన్నం ముద్దతోపాటు పెట్టిన మాటలే. పదిమందిలో కావాలని వికలాంగుణ్ణి అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలని ఆ చట్టమే అంటోంది. ఆ లెక్కన మా రచ్చబండ ఎప్పుడో ఖాళీ కావాలి.

పిల్లలకు కరుణ నేర్పుదామనే ఈ ప్రభుత్వాలకు అసలు ఆ నైతిక హక్కుందా అన్నది నా ఇంకో అనుమానం. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోవే, 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలో కలిశాయి, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని తెలుసు. దాటితే ముందు పళ్లు గారకడతాయి, ఏళ్లు గడిస్తే నడుము వంగుతుంది, మోకాళ్లు వంకరపోతాయి అనీ తెలుసు. ఈ వైపుకు కృష్ణా నీళ్లు తెస్తామని 1996లో రాయి వేసిన వెలిగొండ ప్రాజెక్టుకు ముహూర్తాలు మాత్రం మారుతూనే వచ్చాయి. వికలాంగులను కొత్తగా తయారుచేసే నీళ్లు తాగిస్తూ, వాళ్లమీద జాలి చూపండని పిల్లలకు పాఠం చెప్పడం మనకే చెల్లింది.

ఆ రోజు ఔటన్న పిల్లలు నవ్వుతుంటే చూశాను, సగంమందికి పళ్లమీద గోధుమరంగు చారలు. బెల్లు కొట్టారు. వాళ్లూ, బ్యాటు పడేసినవాడూ అంతా కలిసి ఆ బోరింగు దగ్గరికే పోయారు.