కీవర్డ్ వెతకాల్సింది వీడియో తీయకముందే

కొత్తగా యూట్యూబ్ ఛానెల్ పెట్టినవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "ఏ ట్యాగులు పెట్టాలి?" అదీ షూటింగ్, ఎడిటింగ్ అన్నీ అయిపోయి పబ్లిష్ బటన్ నొక్కబోయే ముందు. ట్యాగులంటే వీడియో దేని గురించో చెప్పడానికి అప్‌లోడ్ చేసేటప్పుడు విడిగా ఒక పెట్టెలో రాసే మాటలు. ఈ ఆత్రాన్ని కనిపెట్టి "వైరల్ ట్యాగులు" పేరుతో జాబితాలు అమ్ముకునేవాళ్లు బయల్దేరారు. డబ్బిచ్చి కొన్న ఆ జాబితా అతికించినా వ్యూస్ రాకపోతే, లోపం తమ పనితనంలోనే ఉందనుకుని ఛానెల్ వదిలేసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

యూట్యూబ్ ఈ విషయం దాచలేదు. జనం తరచూ తప్పు స్పెల్లింగ్‌తో వెతికే అంశమైతే ట్యాగులు ఉపయోగపడతాయని, లేకపోతే వీడియో కనబడటంలో వాటి పాత్ర చాలా తక్కువని తన హెల్ప్ పేజీలోనే రాసింది. ఒకే మాటను నాలుగు రకాల స్పెల్లింగులతో, ఒక్కోసారి వేరే లిపిలో టైప్ చేసేవాళ్ల కోసం ఆ కొద్దిపాటి సాయం వాడుకోవచ్చు. అంతేగానీ 500 అక్షరాల చోటు ఉంది కదా అని మొత్తం నింపడం వృథా శ్రమ. వెబ్‌సైట్ల విషయంలోనూ ఇదే జరిగింది. పేజీ కోడ్‌లో రాసే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను వెబ్ సెర్చ్ ర్యాంకింగ్‌లో లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. చూసేవాళ్ల కంటికి కనబడని చోట ఎవరు ఏమైనా రాసుకోవచ్చు కాబట్టి దాన్ని నమ్మడం మానేసింది.

మరి కీవర్డ్‌లతో, అంటే జనం సెర్చ్‌లో టైప్ చేసే మాటలతో పనే లేదా? చాలా ఉంది. కాకపోతే వాటి అసలు చోటు ట్యాగుల పెట్టె కాదు. వీడియో ఆలోచన పుట్టేటప్పుడే కీవర్డ్ చేతిలో ఉండాలన్నది నా వాదన.

కుట్టు మిషన్ గురించి ఛానెల్ నడిపే ఒకావిడ ఉన్నారనుకుందాం. చేయి తిరిగిన మనిషి. ఆమె వీడియో పెడితే టైటిల్ "టెన్షన్ అడ్జస్ట్‌మెంట్ పూర్తి వివరాలు" అని ఉంటుంది. ఆమె లెక్కలో సమస్య అదే మరి. కానీ మిషన్ ముందు తల పట్టుకుని కూర్చున్న మనిషికి దారం బిగువును సరిచేసే టెన్షన్ డయల్ సంగతే తెలియదు. ఆ మనిషి ఫోన్ తీసి "మిషన్ దారం మాటిమాటికీ తెగిపోతోంది" అని కొడుతుంది, లేదా "కింద దారం చిక్కుపడుతోంది" అని. ఇవి రెండూ వేర్వేరు బాధలు. దారం తెగడానికి వంగిన సూదో, బిగుసుకున్న టెన్షనో, నాసిరకం దారమో కారణం కావచ్చు. కింద గుబురుగా చిక్కుపడితే మాత్రం చాలాసార్లు తప్పు పైదారం ఎక్కించడంలో ఉంటుంది. అంటే పూర్తి వివరాల వీడియో ఒకటి తీసే బదులు ఇక్కడ రెండు వీడియోలు తీయాలి. దేంట్లో ఏం చూపించాలో, మొదటి నిమిషంలో ఏ భాగాన్ని దగ్గరగా చూపించాలో కూడా ఆ వెతుకులాటే చెప్పేస్తోంది. షూటింగ్ అయిపోయాక ఈ సంగతి తెలిస్తే టైటిల్ మార్చుకోగలం గానీ, లోపలి సరుకు మార్చలేం.

ఇలాంటి మాటలు పట్టుకోవడానికి ఖరీదైన టూల్స్ అక్కర్లేదు. ఇన్‌కాగ్నిటో విండోలో (మన పాత వెతుకులాటల ప్రభావం పడని బ్రౌజర్ విండో) యూట్యూబ్ తెరిచి, సెర్చ్‌లో రెండు మాటలు టైప్ చేసి ఆగితే కింద వచ్చే సూచనల్లో జనం వెతుకుతున్న తీరు తెలుస్తుంది. ఏ మాటను జనం ఎంతగా వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో యూట్యూబ్ సెర్చ్‌ను విడిగా ఎంచుకుని రెండు మాటల్లో దేనికి ఆదరణ ఉందో పోల్చుకోవచ్చు. అన్నిటికంటే నేను నమ్మేది కామెంట్లను. అక్కడ మనిషి తన కష్టాన్ని తన మాటల్లోనే చెప్పుకుంటాడు. చిన్న ఛానెల్ "కుట్టు మిషన్" లాంటి పెద్ద మాట వెంట పడితే పాత ఛానెళ్ల గుంపులో కనబడకుండా పోతుంది. తక్కువమంది వెతికినా కచ్చితమైన ప్రశ్నకు జవాబు చెబితే నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ.

మాట దొరికాక దాన్ని పెట్టాల్సిన చోట్లు కొన్నే. టైటిల్‌కి 100 అక్షరాల పరిమితి ఉన్నా ఫోన్‌లో చివర కోసుకుపోతుంది కాబట్టి ముఖ్యమైన మాట ముందుకు రావాలి. డిస్క్రిప్షన్ మొదటి రెండు లైన్లలో వీడియో దేని గురించో మామూలు వాక్యాల్లో చెప్పాలి. చాప్టర్లు, అంటే వీడియోను భాగాలుగా విడగొట్టే సమయాల జాబితా పెడితే మొదటిది 00:00 దగ్గర మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి 10 సెకన్లకు తగ్గకూడదు. డిస్క్రిప్షన్‌లో ట్యాగుల కుప్ప పోయడం, సంబంధం లేని ప్రముఖుల పేర్లు ఇరికించడం యూట్యూబ్ నిబంధనలకే విరుద్ధం. యూట్యూబ్ ఆ వీడియోను తొలగించే ప్రమాదమూ ఉంది.

ఇంత చేసినా కీవర్డ్ చేసేది చూసేవాళ్లను మన వీడియో దాకా తీసుకురావడమే. 2012లోనే యూట్యూబ్ క్లిక్కుల లెక్క తగ్గించి, ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం పెంచింది. సెర్చ్‌లో కూడా ఫలానా ప్రశ్నతో వచ్చినవాళ్లు ఫలానా వీడియోను ఎంతసేపు చూశారన్నది గమనిస్తామని ఆ సంస్థే చెబుతోంది. దారం తెగుతోందని వచ్చిన మనిషికి మూడు నిమిషాల ఇంట్రో, సబ్‌స్క్రైబ్ చేయమని బతిమాలటం చూపిస్తే వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు మంచి కీవర్డ్ కూడా ఆ వీడియోకి చెడే చేస్తుంది.

హోమ్ పేజీలో, పక్కన వచ్చే సూచనల్లో అయితే లెక్క వేరు. అక్కడ ఎవరూ ఏమీ టైప్ చేయరు, చూసేవాళ్ల అలవాట్లను బట్టే వీడియోలు వస్తాయి. కాబట్టి కామెడీ, వ్లాగ్స్ చేసేవాళ్లు కీవర్డ్‌ల గురించి టెన్షన్ పడటం మానేసి థంబ్‌నెయిల్ మీద, కథనం మీద ఆ సమయం పెడితే మేలు. నేర్పించేవాళ్లకు, రిపేర్లు చూపించేవాళ్లకు, సందేహాలు తీర్చేవాళ్లకు మాత్రం సెర్చే ప్రాణాధారం. అలాంటి వీడియో ఒకసారి కుదిరితే ఏళ్ల తరబడి జనాన్ని తెస్తూనే ఉంటుంది.

ఇలా సెర్చ్ మీద ఆధారపడేవాళ్లు నెలకోసారైనా యూట్యూబ్ అనలిటిక్స్‌లో (ఛానెల్ లెక్కలు చూపించే పేజీ), ఏయే మాటలు వెతికి జనం తమ దగ్గరికి వచ్చారో చూసుకోవాలి. "బాబిన్ దారం పైకి రావడం లేదు" అని (బాబిన్ అంటే కింద దారం చుట్టే చిన్న కండె) వెతికినవాళ్లు కొందరు, ఆ సంగతిని అరనిమిషం మాత్రమే ముట్టుకున్న పాత వీడియోకి వస్తున్నారనుకోండి. ఆ పాత టైటిల్‌ను కదపకండి, అది తన పని చేస్తోంది. బాబిన్ మీద విడిగా వీడియో తీసి, దాని లింక్ పాతదాని కింద పెట్టండి.