సంఘం పుట్టింది 1951లో, పని మొదలైంది ఏలూరులో

అఖిల భారత చదరంగ సమాఖ్య ఏర్పడింది 1951లో. దేశంలో తొలి జాతీయ చాంపియన్‌షిప్ జరిగింది మాత్రం 1955లో, మన ఏలూరులో. జరిపింది ఆంధ్ర చెస్ అసోసియేషన్. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు అటూ ఇటూ, రాజధాని ఇంకా కర్నూలే. బొంబాయి, కలకత్తా, మద్రాసు ఉండగా ఒక జిల్లా కేంద్రం ఈ పని నెత్తికెత్తుకుంది. డి. వెంకయ్య, రామచంద్ర సప్రే సంయుక్త విజేతలుగా నిలిచారు. దేశపు తొలి చాంపియన్లలో ఒకరి పేరు వెంకయ్య అని ఇవాళ కోచింగ్‌లకు పరుగులు పెడుతున్న మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

సమాఖ్య వయసు లెక్కపెట్టాల్సి వస్తే నేను 1955 నుంచే లెక్కపెడతాను. కాగితం మీద పేరు, అధ్యక్షుడు, కార్యదర్శి ఉంటే సంఘం ఉన్నట్టే. కానీ ‘ఈ దేశంలో మొనగాడు ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని జాతీయ సంఘం ఉండీ ఏం లాభం? ఆ జవాబు చెప్పే ఏర్పాటును ఒక రాష్ట్ర సంఘం ముందు చేసి చూపింది. తర్వాత సమాఖ్య దాన్ని అందుకుని రెండేళ్లకోసారి నడిపింది. ఏటా జరపాలన్న నిర్ణయం 1971లో గానీ రాలేదు.

అంతకుముందు ఆట ఎలా బతికిందో తెలియాలంటే సుల్తాన్ ఖాన్ కథ ఒక్కటి చాలు. పంజాబ్‌లో పుట్టిన ఈయన 1928లో అఖిల భారత పోటీ గెలిచాడు. మరుసటి ఏడు తన యజమాని సర్ ఉమర్ హయత్ ఖాన్ వెంట ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి జాతీయ చాంపియన్‌షిప్‌ను 1929, 1932, 1933లలో మూడుసార్లు కొట్టాడు. హేస్టింగ్స్ పోటీలో ప్రపంచ మాజీ చాంపియన్ కాపాబ్లాంకాను ఓడించాడు. దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్‌లలో మొదటి బోర్డు మీద కూర్చున్నాడు, అదీ ఇంగ్లండ్ తరఫున. మన దేశం పేరుతో దిగడానికి జట్టే లేదు మరి. భారత జట్టు ఒలింపియాడ్‌కు వెళ్లింది 1956లో, మాస్కోకు. 1933 చివర్లో యజమాని ఉమర్ హయత్ ఖాన్ స్వదేశానికి బయల్దేరారు, ఆయన వెనకే సుల్తాన్ ఖానూ వచ్చేశాడు. అంతర్జాతీయ ఆట అక్కడితో సరి. ప్రాపకం ఇచ్చిన మనిషి పెట్టె సర్దుకుంటే ఆటగాడూ సర్దుకోవాల్సిందే. 1966లో కన్నుమూసిన ఆయనకు ప్రపంచ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ (చదరంగంలో అత్యున్నత హోదా) బిరుదు ఇచ్చింది 2024లో.

అప్పట్లో సమాఖ్య ముందున్న అసలు చిక్కు డబ్బు కన్నా పెద్దది. దేశమంతా ఒకే ఆట ఆడటం లేదు. పశ్చిమ గోదావరిలో మా తాతగారు అరుగు మీద ఆడే చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో జరిగే ‘కోట కట్టడం’ అన్న మాటే లేదు. బదులుగా, అప్పటిదాకా షా (రాజు మీద దాడి) తగలని రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. చివరి వరసకు చేరిన బంటు ఏ పావు గడిలోకి వెళ్తే ఆ పావే అవుతుంది. ఏనుగు గడికి చేరితే ఏనుగే, మంత్రి కావాలని మారాం చేస్తే కుదరదు. అలా ఆడినప్పుడు రెండువైపులా బంట్లు నింపాదిగా ముందుకు జరుగుతాయి, పావులు గోడల వెనక సర్దుకుంటాయి. అసలు పోరు మొదలయ్యేసరికి కాఫీ రెండో విడత వచ్చేది. బడిలో నేర్చుకున్న పద్ధతిలో నేను బంటును రెండు గడులు తోస్తే ఆయన మాట్లాడకుండా వెనక్కి ఒక గడి లాగేవారు.

సుల్తాన్ ఖాన్ పెరిగింది కూడా ఇలాంటి ఆటలోనే. ఇలా తలో పద్ధతిలో ఆడే దేశాన్ని అంతర్జాతీయ నియమాల కిందకు తేవడం ఉత్తర్వులతో అయ్యే పని కాదు. జాతీయ పోటీకి వెళ్లాలంటే ఆ నియమాలతోనే ఆడాలి కాబట్టి ఊళ్లూ క్లబ్బులూ మెల్లగా దారికొచ్చాయి. ఏలూరు పోటీ విలువ విజేతల పేర్లలో ఎంత ఉందో ఇందులోనూ అంతే ఉందని నేననుకుంటాను.

ఈ మార్పును ముందుండి నడిపిన ఆటగాడు మాన్యుయల్ ఆరన్. 1959 నుంచి 1981 మధ్య తొమ్మిదిసార్లు జాతీయ చాంపియన్. 1961లో దేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ (గ్రాండ్‌మాస్టర్‌కు ఒక మెట్టు కింది హోదా) అయ్యారు. 1962లో స్టాక్‌హోమ్ ఇంటర్‌జోనల్‌లో, అంటే ప్రపంచ చాంపియన్‌షిప్ అర్హత పోటీలో, అందరికన్నా కింద నిలిచారు, కానీ అదే పోటీలో పేరున్న గ్రాండ్‌మాస్టర్లు పోర్టిష్‌నూ ఊల్మన్‌నూ ఓడించారు. అంటే సత్తాకు లోటు లేదు, గట్టివాళ్లతో వరసగా ఆడిన అలవాటు లేదు. ఆ అలవాటు చేయించాల్సింది జాతీయ సంఘమే. చేయించలేదనడానికి లెక్కలే సాక్ష్యం: రెండో ఇంటర్నేషనల్ మాస్టర్ రవికుమార్ 1978లో గానీ రాలేదు. మొదటి గ్రాండ్‌మాస్టర్ ఆనంద్, 1988లో. ఆనంద్ చిన్నతనంలో రాటుదేలిన టాల్ చెస్ క్లబ్‌ను 1972లో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో పెట్టిందీ ఆరనే. ఏలూరు ముచ్చటే మళ్లీ ఇక్కడ. పెద్ద సంఘం చేయాల్సిన పని ఒక ఊరి క్లబ్బు చేసింది.

ఆడపిల్లల విషయంలోనైతే మరీ ఆలస్యం. మహిళల జాతీయ పోటీ 1974లో మొదలైంది, తొలి విజేత వాసంతి ఖాడిల్కర్. రెండేళ్లకు ఆమె చెల్లెలు, 13 ఏళ్ల రోహిణి, పురుషుల జాతీయ పోటీలో ఆడటానికి వచ్చింది. రచ్చ అయింది. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. చివరికి ప్రపంచ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ ఊవే, జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో మహిళలను అడ్డుకోకూడదని తేల్చి చెప్పాల్సి వచ్చింది. ఆ పోటీలో రోహిణి మూడు రాష్ట్రాల చాంపియన్లను ఓడించింది. 2002లో 15 ఏళ్ల కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయిందంటే, ఆ దారిలో మొదటి ముళ్లు ఏరింది ఆ అక్కచెల్లెళ్లే.

కోర్టు మెట్లు మాత్రం సమాఖ్యకు అలవాటైపోయాయి. అప్పట్లో ఒక పిల్లను ఆడనివ్వమంటూ వెళ్తే, ఇటీవల వెళ్లింది కుర్చీల కోసం. 2022లో చెన్నై ఒలింపియాడ్ ఇంకో రెండు నెలల్లో ఉందనగా సమాఖ్య కార్యదర్శి ఎన్నిక చెల్లదని ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. పోటీ చెడిపోకూడదని సుప్రీంకోర్టు ఆగస్టు 15 దాకా గడువిచ్చింది. ఆ రోజుల్లోనే ఒలింపియాడ్ జరిగిన మహాబలిపురంలో ద్రోణవల్లి హారిక నిండు గర్భంతో బోర్డు ముందు కూర్చుని, హంపితో కలిసి జట్టు కాంస్యం అందుకుంది.