ఏడో తరగతి రెండోసారి చదువుతున్న తల్లిదండ్రులకు సూచనలు

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల హోంవర్క్ ఎవరు చేయాలన్న దాని మీద మన దగ్గర ఇంకా కొంత గందరగోళం ఉంది. పిల్లలే చేసుకోవాలనుకునే పాతకాలపు కుటుంబాలు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అక్కడక్కడా మిగిలిపోయాయి. మిర్యాలగూడ నుంచి నారాయణపేట దాకా చైతన్యం వచ్చిన తల్లిదండ్రులు మాత్రం ఈ సంగతి ఎప్పుడో తేల్చేశారు. బడిపని పిల్లలది, ఇంటిపని ఇంటివాళ్లది. పేరులోనే ఉంది. ఆ పనిని మార్కులు పోకుండా, పిల్లలకు ఏ ఇబ్బందీ కలగకుండా ఎలా చేయాలో తెలియక కొందరు తల్లిదండ్రులు ఇప్పటికీ పొరపాట్లు చేస్తున్నారు. వాళ్ల కోసమే ఈ సూచనలు.

ముందుగా డైరీ. ఏ సబ్జెక్టులో ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది పిల్లాడు తన చేత్తో రాసుకునే పుస్తకం ఇది. దాన్ని తెరిపించకండి. సాయంత్రం పూట డైరీ తీయించి "ఏమేమి ఇచ్చిండ్రో చదువు బిడ్డా, ఏది ముందు చేస్తవ్?" అని అడిగితే వాడే చదివి, ఎంతసేపు పడుతుందో వాడే అంచనా వేసి, వరుస కూడా వాడే పెట్టుకునే ప్రమాదం ఉంది. ఒక నెల అలా జరగనిస్తే ఆ తర్వాత మిమ్మల్ని అడిగే దిక్కుండదు. కాబట్టి రాత్రి 9:40కి వాట్సాప్ గ్రూపులో "సార్, మా బాబుకు మ్యాథ్స్‌ల ఏమిచ్చిండ్రు?" అని పెట్టండి. సార్ పలకకపోయినా వరుసగా "మాకు కూడా", "మాకు కూడా" అని పడతాయి. ఆఖరికి ఎవరో ఒక తల్లి నోట్సు ఫొటో పెడుతుంది. పేజీలో ఒక మూల ఆమె బొటనవేలు అడ్డం ఉంటుంది. రేపు సార్ బోర్డు మీద చేయమనేది ఆ వేలు కింది లెక్కనే.

ఇక సమయం. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్క్ ఉండొద్దు. మూడు నుంచి ఐదు వరకు వారానికి 2 గంటలు మించొద్దు. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, వారం మొత్తం మీద ఐదారు గంటలు చాలు. ఆ గంట ఎప్పుడన్నది మాత్రం ఇంటివాళ్లకే వదిలేశారు. ఆడుకుని వచ్చి, ఇన్ని అటుకులు తిని, ఆరున్నరకు కూర్చుంటే, ముందు గిట్టని సబ్జెక్టు 25 నిమిషాలు, 5 నిమిషాలు లేచి తిరగడం, తర్వాత తేలికది మరో 25 నిమిషాలు. ఫోను పక్క గదిలో ఉంటే ఏడున్నరకల్లా పుస్తకాలు సంచిలో పడతాయి. అప్పుడు తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా ఇంట్లోవాళ్లు ఏం చేయాలి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలా? ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు అంటారు. పాపం, స్కూలు వ్యాన్ డ్రైవరు హారన్ వాళ్లు విన్నట్టు లేరు.

లెక్కల దగ్గరికి వద్దాం. ఈ తరగతుల్లో మన పరువు తీసేది ఇక్కడే.

2/3, 3/4 కలపమంటే పిల్ల 5/7 అని రాస్తుంది. పైవి పైకి, కిందివి కిందికి. మీరు వెంటనే రబ్బరు లాక్కుని, తుడిచి, క.సా.గు 12 తీసి, 8/12, 9/12, మొత్తం 17/12 అని చకచకా రాసిపెట్టండి. పిల్ల చూస్తుంది, దిద్దుకుంటుంది, మర్చిపోతుంది. ఇది సురక్షితమైన పద్ధతి. రబ్బరు ముట్టకుండా మాటల్లోకి దిగినవాళ్ల ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి.

"రెండు బై మూడు అంటే సగం రొట్టె కన్న ఎక్కువనా, తక్కువనా?"

"ఎక్కువ."

"మూడు బై నాలుగు?"

"గదీ ఎక్కువనే."

"సగం కన్న పెద్ద తునకలు రెండు కలిపితే నిండు రొట్టె దాటాలె గద. నీ ఐదు బై ఏడు ఒక్క రొట్టె గూడ గాలేదేంది మరి?"

పిల్ల కొంచెంసేపు ఏమీ మాట్లాడదు. తను రాసిన జవాబును తనే ఎగాదిగా చూస్తుంది. ఆ చూపు మంచిది కాదు. ఇవాళ తన జవాబును అనుమానించిన పిల్ల రేపు గైడును అనుమానిస్తుంది, ఎల్లుండి మిమ్మల్ని.

మైనస్‌ల సంగతీ అంతే. మైనస్ 3 మైనస్ 5 ఎంత అంటే సగం క్లాసు ప్లస్ 8 అంటుంది. "మైనస్ మైనస్ ప్లస్" అనే మంత్రం ఎవరో చెవిలో ఊదారు. మైనస్ సంఖ్యను మైనస్ సంఖ్యతో గుణించేటప్పుడు, లేదా మైనస్ సంఖ్యను తీసేసేటప్పుడు పనికొచ్చే మంత్రం అది. ఇక్కడ దానికి పని లేదు. ఆ వివరమంతా మీకెందుకు, గట్టిగా అరిచి మైనస్ 8 అని రాయించండి. కొన్ని ఇళ్లలో మాత్రం "కిరాణం కొట్టుల మూడు రూపాయల ఉద్దెర ఉన్నది, ఇయ్యాల ఇంకో ఐదు రూపాయల ఉద్దెర తెచ్చినవ్, ఇప్పుడు సేటు నీకు ఎనిమిది ఇస్తడా, నువ్వు సేటుకు ఇయ్యాల్నా?" అని అడుగుతారు. ఇలాంటి ప్రశ్న ఒక్కసారి అడిగితే పిల్లాడు ఇంకెప్పుడూ తప్పు రాయడు, కాబట్టి జాగ్రత్త.

సమీకరణాల్లో మనకు తిరుగులేదు. మూడు ఎక్స్ ప్లస్ ఐదు ఈక్వల్ టు ఇరవై. పిల్లాడు ఐదును అటు పక్కకు పంపి, గుర్తు మార్చడం మరిచి, మూడు ఎక్స్ ఈక్వల్ టు ఇరవై అయిదు అంటాడు. "అటు పోతే గుర్తు మారుతదని ఎన్నిసార్లు చెప్పాలె!" అనండి. ఎందుకు మారుతుందని వాడు అడిగితే, మారుతుందంతే. ఐదు అటు పక్కకు పోనే పోదు, తరాజు రెండు పళ్లాల్లోంచీ ఐదేసి తీసేస్తున్నామంతే, అందుకే ఒకవైపు ఐదు మాయమై ఇంకోవైపు పదిహేను మిగులుతుంది అన్న సంగతి బయట పెట్టకండి. జవాబును తెచ్చి మళ్లీ మొదటి లైన్లో పెట్టి చూసుకోమని అసలే చెప్పొద్దు. 5 పెడితే 20 వస్తుంది, వాడి 25/3 పెడితే 30 వస్తుంది. అంటే ఏది తప్పో వాడికే తెలిసిపోతుంది, మీ అక్కర లేకుండా. ఇంట్లో పెద్దరికం నిలబడాలంటే సరైన జవాబు ఏదో ఒక్కరికే తెలిసి ఉండాలి.

సైన్సు, సోషల్ గురించి పెద్దగా చెప్పేది లేదు. పాఠంలో జవాబు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పెన్సిల్‌తో బ్రాకెట్లు పెట్టించుకుని వస్తారు. ఈ బ్రాకెట్టు నుంచి ఆ బ్రాకెట్టు దాకా దించేస్తే అయిపోయింది. పుస్తకం మూసి రెండు ముక్కలు సొంతంగా చెప్పమనడం మర్యాద కాదు. సర్కారు బడి పిల్లలైతే 2022-23 నుంచి వాళ్ల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ప్రశ్న అర్థం కానప్పుడు ముందు తెలుగు పేజీ చదివి, ఆ తర్వాత ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టి చూస్తే ఏ మాట దేనికో దొరికిపోతుంది. ఇంగ్లీషు రాని తల్లి కూడా పక్కన కూర్చుని ప్రశ్న ఏమిటో అడగగలదు. అయితే ఆ తెలుగు పేజీలు ఎంత కొత్తగా ఉంటే బడికి అంత గౌరవం, తిప్పి పాడు చేయకండి.

ఇప్పుడు అసలు పండుగ, ప్రాజెక్టు.

ఏడాది మధ్యమధ్యలో బడిలోనే జరిపే మదింపు, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో నాలుగు భాగాలుంటాయి. తరగతిలో పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. నాలుగింట్లో తల్లిదండ్రుల ప్రతిభ పూర్తిగా వికసించేది ప్రాజెక్టులో. నల్లగొండ జిల్లాలో ఏ పాఠానికైనా చేయదగిన ప్రాజెక్టు నాగార్జునసాగర్ డ్యాం. వారం ముందు చెప్పిన సంగతి పిల్లాడు ఆదివారం రాత్రి భోజనాల దగ్గర బయటపెడతాడు. బుక్ డిపో షట్టరు సగం దించి ఉంటుంది. థర్మాకోల్ షీట్లు రెండు, కట్టర్, నీలం చార్టు, ఫెవికాల్. తొందరలో బండి ట్యూబుకు అంటించే సొల్యూషన్ వాడారో, థర్మాకోల్ మైనంలా కరిగి గుంటలు పడుతుంది. స్ప్రే పెయింటు కొట్టినా అదే గతి, అందులోని ద్రావకం షీటును తినేస్తుంది. తెల్ల ఫెవికాల్ పలుచగా పూసి, పైన పుస్తకాల బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. రంగుకు నీళ్లలో కలిపే పోస్టర్ కలరే. రాత్రి ఒంటిగంటకు గేట్ల దగ్గరికి వచ్చేసరికి షీటు ముక్క అయిపోతుంది. నాలుగు గేట్లతో సర్దుతారు.

పొద్దున క్లాసులో మేడం డ్యాంను మెచ్చుకుని, ఒక్క ప్రశ్న వేస్తుంది. "సాగర్‌కు గేట్లెన్ని నాన్నా?"

"నాలుగు మేడం."

"ఇరవై ఆరు గద?"

"మా డాడీ నాలుగే కోసిండు మేడం."

ఇలాంటి అవమానం రాకూడదంటే పిల్లల్ని ముందే తయారు చేసుకోవాలి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన, రాతికట్టడం, ఎడమ కాలువ నల్లగొండ వైపు. ఇవన్నీ వ్యాన్ ఎక్కేలోపు వల్లె వేయించండి. ఏడు రోజులూ వాడుకుని, మొదటి రోజు ప్రశ్నలు రాసుకుని, రెండో రోజు తాతను కూర్చోబెట్టి కాలువ రాకముందు ఊళ్లో ఏం పండేది, వచ్చాక ఏం మారింది అని ఐదు ప్రశ్నలడిగి, పట్టికలో పెట్టి ఒక్క పేజీ రాసుకొచ్చే పిల్లలు కూడా ఉంటారు. ఆయకట్టుకు దూరంగా మర్రిగూడ వైపు ఉన్నవాళ్లయితే బోరునీళ్లలో ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎందుకు తాగొద్దో, తాత నడుము ఎందుకు వంగదో రెండూ ఒకే పేజీలో వస్తాయి. అదీ ఒక ప్రాజెక్టేనా? థర్మాకోల్ ఏది, మెరుపులేవి? బీరువా మీద పెట్టడానికి కూడా పనికిరాదు.

ఒక్క నియమం మాత్రం అందరూ కచ్చితంగా పాటించాలి. తప్పును గడప దాటనివ్వొద్దు. పావుగంట కొట్టుకున్నా లెక్క రాకపోతే, వచ్చినంత వరకు రాసి, కింద "సార్, ఇక్కడి నుంచి సమజ్ కాలేదు" అని పిల్ల చేతే రాయించి పంపే తల్లులు కొందరున్నారు. అలా పది నోట్సుల్లో అదే చోట అదే మాట కనబడితే సార్ ఏం చేస్తాడు? మర్నాడు పాఠం మళ్లీ మొదటికి తెస్తాడు. సిలబస్ ఏమైపోవాలి? అదే నలభై నోట్సుల్లో నలభై సరైన జవాబులు కనబడితే అందరికీ వచ్చేసిందని నమ్మి, హాయిగా తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతాడు. లఘు పరీక్ష రోజున నలభై మందిలో సగం మంది మళ్లీ 5/7 దగ్గరికి వస్తారనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజు తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు కదా.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఇంట్లో ఒక మనిషి వల్ల మొత్తం పాడవుతుంది. నాయనమ్మ. పాలమూరులో అమ్మానాన్నలు బొంబాయికో పుణెకో పనికి పోతే పిల్లలు ఈమె దగ్గరే ఉంటారు. ఈమెకు చదువు రాదు, కాబట్టి హోంవర్క్ చేసిపెట్టలేదు. గైడు చదవలేదు. గ్రూపులో లేదు. చేసేదల్లా పక్కన చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుని, "గదేందిరా రాస్తున్నవ్, నాకు గూడ చెప్పు" అనడం. వాడు చెప్తాడు. "సమజ్ గాలేదు, మల్ల చెప్పు" అంటుంది. వాడు ఇంకో రకంగా చెప్తాడు. "గట్లెందుకైతది?" అంటుంది. వాడు పుస్తకం వెనక్కి తిప్పి వెతుక్కుంటాడు, దొరికింది ఆమెకు వివరిస్తాడు, వివరిస్తుండగా తన తప్పు తనకే తట్టి దిద్దుకుంటాడు. ఒక్క అక్షరం ముక్క రాని మనిషి పిల్లాడి చేత రోజూ పాఠం చెప్పించుకుంటుంటే ఇక మనం, మన ట్యూషన్లు ఎందుకు? ఆరున్నర అయ్యేసరికి ఆమెకు ఏదైనా సీరియల్ పెట్టి, సౌండు కొంచెం పెంచండి.