గామా వచ్చేదాకా మనకు సముద్రమే తెలియదా?

ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఫార్వర్డ్ ఒకటుంది. 1498లో వాస్కోడగామా సముద్రమార్గం కనిపెట్టేదాకా మనకు బయటి ప్రపంచంతో సంబంధాలే లేవట. సముద్రం దాటితే కులం పోతుందని మనవాళ్లు ఓడెక్కలేదట. పెద్ద ఎత్తున వ్యాపారం చేయడం యూరప్‌వాళ్లే నేర్పారట. ఇందులో నిజం ఓ పిసరు లేకపోలేదు. ఆఫ్రికా కొసను చుట్టి, యూరప్ నుంచి ఓడలో నేరుగా ఇక్కడికి వచ్చిన మొదటివాడు గామానే. మిగతా కథ వేరు.

ముందు ఆ ‘కనిపెట్టడం’ సంగతి. ఆఫ్రికా తూర్పు తీరంలో మలిందీ రాజు దారి తెలిసిన సరంగును ఇచ్చి పంపితే, గామా నెల తిరక్కముందే అరేబియా సముద్రం దాటి మే 20న కాలికట్ దగ్గర లంగరు వేశాడు. ఒడ్డుకు పంపిన మనిషికి ఎదురైంది ఎవరనుకున్నారు? స్పెయిన్, జెనోవా భాషలు మాట్లాడే ఇద్దరు ట్యూనిస్ ముస్లింలు! ‘ఏ దెయ్యం తెచ్చిందిరా నిన్నిక్కడికి?’ అన్నారట. ఆ యాత్రలో ఉన్న పోర్చుగీసువాడే దినచర్యలో రాసుకున్న మాట ఇది. కాలికట్ రాజు జామొరిన్‌కు గామా తీసిపెట్టిన కానుకలు కూడా అందులోనే ఉన్నాయి: చారల గుడ్డలు, టోపీలు, పగడాల దండలు, చేతులు కడుక్కునే పళ్లేలు, కాస్త పంచదార, నూనె, తేనె. రాజుగారి మనుషులు అవి చూసి నవ్వారు. మక్కా నుంచి వచ్చే అతిపేద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తాడన్నారు.

తిరుగు ప్రయాణంలో రుతుపవనాల అదను చూసుకోకుండా బయలుదేరారు. వచ్చేటప్పుడు నెల కూడా పట్టని దూరానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ముప్పై మంది దాకా స్కర్వీతో (తాజా కూరలు, పళ్లు లేక వచ్చే జబ్బు) పోయారు. ఆ గాలుల లెక్క ఇక్కడి నావికులకు తరతరాలుగా తెలిసిందే.

ఇక ఓడెక్కలేదన్న మాట. ధర్మశాస్త్రాల్లో నిషేధం ఉన్నమాట నిజమే, కానీ వర్తకులు దాన్ని పట్టుకుని కూర్చోలేదు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించింది 13వ శతాబ్దంలో. ఓడలే రాని రేవులో అలాంటి శాసనం ఎందుకు? 17వ శతాబ్దానికి వస్తే, మచిలీపట్నం ఓడలు ఇటు బర్మా, సుమత్రా, అటు ఇరాన్, ఎర్ర సముద్రం రేవుల దాకా తిరిగాయి. పులికాట్‌లో డచ్చివాళ్లతో లావాదేవీలు నడిపిన బలిజ వర్తకుడు అచ్యుతప్ప చెట్టికి సొంత ఓడలే ఉండేవి.

అన్నిటికంటే చిత్రమైనది ‘వ్యాపారం నేర్పారు’ అన్నది. డచ్చివాళ్లకు కావాల్సినవి లవంగం, జాజికాయ. అవి దొరికే మొలక్కా, బందా దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా) జనం అడిగింది కోరమండల్ బట్ట, అంటే మన తూర్పు తీరం బట్ట. అందుకే 1606లో గోల్కొండ సుల్తాన్‌తో ఒప్పందం చేసుకుని మచిలీపట్నంలో పాగా వేశారు. ఈ తీరం మొలక్కాకు ఎడమచెయ్యి లాంటిదని, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం లేదని డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే రాశాడు.

ఆ బట్టలో ఏముంది మరి? కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, పటికతో గీసి, చిరివేరుతో (ఎరుపు రంగునిచ్చే వేరు) మరిగిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకునేది. ఎన్ని ఉతుకులకూ పోదు. యూరప్‌లో వీటి మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ల గోల పడలేక ఫ్రాన్స్ 1686లో అద్దకపు బట్టలను నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721లో కట్టుకోవడమే నేరం చేసింది. ఈలోగా 1742లో కేర్దూ అనే జెసూట్ ఫాదర్ (తెలుగు, సంస్కృతం నేర్చిన మనిషి) పుదుచ్చేరిలో అద్దకంవాళ్లను అడిగి, పని మొత్తం వరసగా ఉత్తరంలో రాసి ఫ్రాన్స్‌కు పంపాడు. ఎవరు ఎవరికి నేర్పినట్టు?

అలాగని వాళ్లు తెచ్చింది ఏమీ లేదనడం మరో రకం ఫార్వర్డ్. మన ఆవకాయలో కారం అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందే. బట్టకు చెల్లించిన వెండిలో చాలా భాగం పొటోసీ వంటి అమెరికా ఖండాల గనులది. ఇంకొకటి కూడా తెచ్చారు: కార్తాజ్. పోర్చుగీసువాళ్ల దగ్గర డబ్బు కట్టి ఆ పాస్ తీసుకోని ఓడ సముద్రంలో కనిపిస్తే ఫిరంగులు గురిపెట్టి ఆపేవారు, ఓడనూ సరుకునూ పట్టుకుపోయేవారు.